శరత్కాలంలో పిట్టల ఫొటోలు: బరంపురం, చిలికా పరిసరాల్లో తిరిగేవారికి సమగ్ర మార్గదర్శి

దసరా సెలవులు దగ్గర పడగానే బంధువుల్లోనో, ఆఫీసులోనో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "కెమెరా కొన్నాం, చిలికా సరస్సుకు వెళ్లొచ్చాం, నాలుగొందల ఫొటోలు తీశాం. ఒక్కదాంట్లోనూ పిట్ట పిట్టలా లేదు, చుక్కలా ఉంది. ఇంకా పెద్ద లెన్స్ కొనాలా?"

వద్దు. ముందు మీరు నిలబడే చోటు, వెళ్లే వేళ మార్చండి. ఉన్న లెన్స్‌తోనే సగం సమస్య తీరిపోతుంది.

ఇది ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఉండే మన తెలుగువాళ్ల కోసం, ఇచ్ఛాపురం, పలాస నుంచి ఇటు వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. అక్టోబరు మొదలు నవంబరు చివరిదాకా, ఒక్క రోజులో వెళ్లి తిరిగొచ్చే ప్రయాణాలకు పనికొస్తుంది.

1. రోజు ఎంచుకోవడం

చిలికాకు వలస పిట్టలు అక్టోబరు నుంచి దిగుతాయి కానీ అన్నీ ఒక్కసారే రావు. మొదట బురదలో ముక్కుతో పొడుచుకు తినే ఉల్లంకి జాతులు కనిపిస్తాయి. బాతుల పెద్ద గుంపులు డిసెంబరు, జనవరుల్లో నిండుగా ఉంటాయి. దసరాకి వెళ్లి వేలకొద్దీ బాతులు చూద్దామనుకుంటే నిరాశే.

ఆ రోజుల్లో దొరికేవి వేరు. వరిచేలల్లో కొంగలు, నత్తగుల్ల కొంగలు, కరెంటు తీగల మీద పాలపిట్టలు, పసిరిక పిట్టలు, కాలవ గట్లమీద లకుముకి పిట్టలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇవే మేలు. ఇవి దగ్గరగా దొరుకుతాయి, ఏటా అక్కడే ఉంటాయి, ఇవాళ తప్పిపోయినా రేపు మళ్లీ అదే తీగ మీద కూర్చుంటాయి.

వాతావరణం చూడకుండా బయల్దేరకండి. అక్టోబరు ఈ తీరానికి తుపాన్ల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అల్పపీడనం అన్న మాట వినపడితే పడవ ఆలోచన మానేయండి. వాన వెలిసిన మర్నాడు పొద్దున మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకండి. గాలిలో దుమ్మంతా కడిగేసి ఉంటుంది, దూరపు కొండ కూడా గీత గీసినట్టు కనిపిస్తుంది.

అక్టోబరు మధ్యలో ఇక్కడ పొద్దు పొడిచేది సుమారు ఐదూ ముప్పావుకి, కుంకేది ఐదున్నర లోపు. హైదరాబాదు లెక్కలో ఆలోచిస్తే సాయంత్రం వెలుతురు చేజారుతుంది. పొద్దు పొడిచాక రెండున్నర గంటలు, కుంకే ముందు గంటన్నర, ఇవే మీ పని గంటలు.

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియావాళ్లు బొయిత బందాణ అనే పండుగకి చిన్న చిన్న పడవలు వదలడానికి ప్రతి నది ఒడ్డుకీ, చెరువు గట్టుకీ వస్తారు. ఆ రోజు మనుషుల ఫొటోలు తీసుకోండి, పిట్టలను మర్చిపోండి. కార్తీకంలో ఆదివారాలు మనవాళ్ల వనభోజనాలు. తోటలో స్పీకర్ మోగుతున్న చోట ఏ పిట్టా ఆగదు.

2. చోటు ఎంచుకోవడం

మొదటి రెండు వారాలు ఎక్కడికీ వెళ్లకండి. మీ ఊరి చెరువు గట్టు మీదే రోజూ అరగంట కూర్చోండి. ఊర్లో తీతువు పిట్టను పదునుగా తీయలేనివాళ్లకు చిలికాలో బాతు దొరకదు.

తర్వాత ఈ చోట్లలో ఒక్కటి పెట్టుకోండి. ఒకే రోజు రెండు చోట్లు పెట్టుకుంటే మంచి వెలుతురంతా కారులోనే గడిచిపోతుంది.

రంభ: చిలికాకు నైరుతి మూల. పడవలు సులువుగా దొరుకుతాయి. ఒక చిక్కుంది. ఇక్కడ సరస్సు ఒడ్డుకు తూర్పున, ఈశాన్యంగా ఉంటుంది. అంటే పొద్దున ఒడ్డున నిలబడితే సూర్యుడు మీ కళ్లలో, పిట్ట నీడలో. అందుకే పొద్దున పడవలో లోపలికి వెళ్లి ఒడ్డు వైపు తిరిగి తీయాలి. ఒడ్డు నుంచి తీయాలంటే సాయంత్రం రావాలి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క దిక్కు తెలియకపోవడం వల్లే.

మంగళాజోడి: సరస్సుకు ఉత్తరాన, ఖుర్దా జిల్లాలో. జమ్ము గడ్డి మధ్య సన్నని కాలవలు, వెదురు గడతో నెట్టే పడవలు. మోటారు మోత లేదు కాబట్టి పిట్టలు బెదరవు. పొడుగు ఎర్ర కాళ్ల బ్లాక్ వింగ్డ్ స్టిల్టులు, నీలి రంగు నీటికోళ్లు బాగా దగ్గరగా దొరుకుతాయి. చిన్న లెన్స్ ఉన్నవాళ్లు డబ్బులు పెట్టాల్సింది ఇక్కడ. బరంపురం నుంచి వెళ్తే ముందు రాత్రే చేరుకోవడం మంచిది.

తంపర: ఛత్రపురం పక్కనే మంచినీటి సరస్సు. సెలవు రోజుల్లో పిక్నిక్‌వాళ్లుంటారు, మామూలు రోజు పొద్దునే వెళ్లండి.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు: ఇక్కడ ఆటుపోట్లు చూసుకోవాలి. నీరు తీసేటప్పుడు పిట్టలు బురదంతా చెదిరిపోయి ఉంటాయి. పోటు ఎక్కుతుంటే నీరే వాటిని ఒడ్డు వైపు తోసుకొస్తుంది. పోటు మొదలయ్యే వేళకే మీరు కదలకుండా కూర్చుని ఉండాలి.

భేటనై: ఆస్కా వైపు. ఇక్కడ పిట్టల కంటే కృష్ణజింకలు. ఊరివాళ్లు వాటిని శుభంగా భావించి కాపాడుకుంటారు. పొలం గట్టు మీద నుంచే తీయండి, చేలో దిగి తరమకండి.

తేలినీలాపురం: శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి దగ్గర. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. దూరం నుంచే పెద్దగా కనిపిస్తాయి కాబట్టి ఎగిరే పక్షిని తీయడం సాధన చేయడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

3. ముందు రోజు రాత్రి

ఒకసారి రంభలో పడవ ఎక్కి కెమెరా ఆన్ చేస్తే కార్డు లేదని చూపించింది. కార్డు ఇంట్లో లాప్‌టాప్‌లో ఉంది. పడవకి డబ్బు కట్టేశాను, రెండు గంటలు ఊరికే కూర్చుని సరస్సు చూశాను. అప్పటినుంచి ఈ పట్టీ బీరువా తలుపుకి అంటించి ఉంటుంది.

☐ బ్యాటరీలు రెండూ నిండుగా చార్జ్ అయ్యాయి
☐ కార్డు కెమెరాలోనే ఉంది, ఖాళీగా ఉంది, ఒక ఫొటో తీసి చూశాను
☐ లెన్స్ ముందు, వెనక తుడిచాను, హుడ్ పెట్టాను
☐ ఖాకీ, మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ బట్టలు (తెలుపు, పసుపు వద్దు)
☐ చీలమండ దాటే బూట్లు. వరి గట్ల మీద ఈ కాలంలో పాములుంటాయి
☐ పెద్ద ప్లాస్టిక్ కవరు, పాత తువ్వాలు, సిలికా జెల్ పొట్లాలు
☐ నీళ్లు, అరటిపళ్లు, ఇడ్లీలు (చిప్స్ వద్దు, ఆ ప్యాకెట్ చప్పుడుకే కొంగ లేచిపోతుంది)
☐ పడవ మనిషికి ఫోన్ చేసి వేళ ఖాయం చేసుకున్నాను

దీనికి ఒక్కటి కలపాలి, ఇది తీరప్రాంతం వాళ్లకే. ఏసీ గదిలో పడుకుంటే కెమెరా సంచిని అక్కడ ఉంచకండి. చల్లటి లెన్స్ బయటి తేమ గాలి తగలగానే లోపలా బయటా మసకేస్తుంది. అది పోవడానికి అరగంట పడుతుంది, సరిగ్గా ఆ అరగంటే పొద్దు పొడిచే అరగంట. సంచి జిప్ తీయకుండా రాత్రే వరండాలోనో, ఏసీ లేని గదిలోనో పెట్టండి. అప్పటికే మసకేసి ఉంటే గుడ్డతో రుద్దకండి, దానంతట అదే ఆరాలి.

4. కెమెరాలో ముందే సరిచేసి పెట్టుకోవాల్సినవి

పిట్ట ఎదురుగా వచ్చాక బటన్లు వెతుక్కుంటే అది ఎగిరిపోతుంది. ఇంట్లోనే ఇలా పెట్టి ఉంచండి.

మోడ్: షట్టర్ ప్రయారిటీ, అంటే షట్టర్ వేగం మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునేది. కెనాన్‌లో టీవీ అని, నికాన్, సోనీల్లో ఎస్ అని ఉంటుంది.
షట్టర్ వేగం (సెకనులో ఎన్నో వంతు అని): కూర్చున్న పిట్టకు 1/500, నడిచే పిట్టకు 1/1000, ఎగిరే పెద్ద పక్షికి 1/1600 నుంచి 1/2000. పసిరిక పిట్ట గాలిలో తిరిగితే 1/3200 కూడా కావాలి.
ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె): ఆటో, గరిష్ఠం 3200. కొత్త కెమెరా అయితే 6400 దాకా భయం లేదు. గింజలు పడిన ఫొటోని తర్వాత బాగుచేయొచ్చు, చెదిరినదాన్ని చేయలేం.
ఫోకస్: కదిలేవాటిని వెంబడించే రకం. కెనాన్‌లో ఏఐ సర్వో, మిగతావాటిలో ఏఎఫ్-సి. పిట్ట కన్ను గుర్తించే సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. పాత కెమెరా అయితే మధ్య బిందువు ఒక్కటే చాలు.
షూటింగ్: వరసగా తీసే మోడ్. అలాగని ఒక్క కొంగకి రెండొందలు వద్దు, నాలుగైదు చొప్పున ఆపి ఆపి తీయండి.
ఫైలు: రా (RAW), అంటే కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైలు.

లెన్స్ విషయానికొస్తే 55-250 ఎంఎం లేదా 70-300 ఎంఎం చాలు. చిన్న సెన్సార్ (ఏపీఎస్-సి) కెమెరాలో 300 ఎంఎం అంటే 450 నుంచి 480 ఎంఎం అంత దూరం లాగుతుంది. లెన్స్ మార్చక్కర్లేని సూపర్‌జూమ్ కెమెరా ఉన్నవాళ్లు జూమ్‌ని చివరిదాకా లాగకండి. మూడింట రెండు వంతుల దగ్గర ఆపితే చిత్రం స్పష్టంగా వస్తుంది. ఫోన్ ఒక్కటే ఉంటే దూరపు పిట్టల జోలికి వెళ్లకుండా నేరుగా 8వ అంకెకు వెళ్లండి, ఆ పనిలో ఫోన్ ఎవరికీ తీసిపోదు.

5. చేరాక మొదటి పది నిమిషాలు

కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. మూడు చూడండి.

సూర్యుడు ఎక్కడ? మీ నీడ పిట్ట వైపు పడుతుంటే మీరు సరైన చోట ఉన్నట్టు.

గాలి ఎటు? పిట్టలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. ఎండా గాలీ రెండూ మీ వీపు వెనక ఉంటే దిగే ప్రతి పిట్టా మీకు ముఖం చూపిస్తూ వస్తుంది. రెల్లు దుబ్బు ఎటు వంగుతోందో చూస్తే చాలు.

పిట్ట వెనక ఏముంది? గట్టు పక్కనే ఉన్న కొంగ వెనక ప్లాస్టిక్ సంచులుంటే ఎంత మంచి లెన్సయినా వాటిని కూడా తీస్తుంది. వెనక చాలా దూరం ఖాళీగా ఉన్న పిట్టను ఎంచుకోండి, నేపథ్యం దానంతట అదే మెత్తబడుతుంది.

6. దగ్గరికి చేరడం

అందరూ చేసే తప్పు నేరుగా నడవడం. మీ చూపు పిట్ట మీదే పెట్టి తిన్నగా వస్తుంటే దానికి మీరు నక్కలా కనిపిస్తారు. పశువులు మేపేవాళ్లను గమనించండి, వాళ్ల కాళ్ల పక్కనే కొంగలు తిరుగుతుంటాయి. వాళ్లకి వాటితో పనిలేదు కాబట్టి.

ఇలా చేయండి. పిట్టకు పక్కగా, ఏటవాలుగా నడవండి. పది అడుగులు వేసి ఆగండి. అది మళ్లీ తిండి మీద పడ్డాక ఇంకో పది. మెడ సాచినా, తినడం మానినా, తల ఎగరేసినా మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారు. రెండడుగులు వెనక్కి వేసి కూర్చోండి.

కూర్చోవడమే అసలు పని. గట్టు మీద పావుగంట కదలకుండా కూర్చుంటే లేచిపోయిన ఉల్లంకులు తిరిగొస్తాయి, ఒక్కోసారి లెన్స్ ఫోకస్ పట్టనంత దగ్గరికి. కుదిరితే బోర్లా పడుకోండి. నిలబడి తీస్తే పిట్ట వెనక బురద కనిపిస్తుంది. దాని కంటి ఎత్తుకు దిగితే దూరపు నీరో, పచ్చటి చేనో వెనక్కి వస్తుంది. బట్టలు పాడవుతాయి, అవును.

రోడ్డు పక్క తీగ మీద పాలపిట్ట కనిపిస్తే కారు దిగకండి. కాస్త ముందే వేగం తగ్గించి, ఇంజన్ ఆపి, అద్దం దించి తీయండి. పాత ప్యాంటు కాలు కత్తిరించి కిలో బియ్యం పోసి రెండు వైపులా కుట్టేస్తే కిటికీ మీద లెన్స్ ఆన్చడానికి తలగడ తయారు. స్కూటర్ మీద వెళ్లేవాళ్లు పిట్ట ముందు ఆగకుండా దాటి వెళ్లి ఆగండి. ఎదురుగా ఆగే బండికి అది లేచిపోతుంది, దాటిపోయే బండిని పట్టించుకోదు.

7. పడవలో

పడవ మనిషితో బేరం కంటే ముందు మాట్లాడాల్సింది వేగం గురించి. మాకు చాలా పిట్టలు వద్దు, నాలుగు చాలు, మెల్లగా వెళ్దాం అని మొదటే చెప్పండి. లేకపోతే పర్యాటకులకు చూపించినట్టే పక్షుల మధ్యలోకి తీసుకెళ్లి లేపుతాడు, అదే మీకు సంతోషమనుకుని. ఒడియా రానివాళ్లకు రెండు ముక్కలు చాలు: "భాయినా, టికె రుహంతు" అంటే అన్నా, కాస్త ఆగండి. "మోటార్ బంద్ కరంతు" అంటే మోటారు ఆపండి.

మోటారు తిరుగుతుండగా తీయకండి, పడవ వణుకు లెన్స్‌లోకి వస్తుంది. ఆపాక ఆ ఊపు మీద పడవ సాగే నిమిషంలో తీయండి. ట్రైపాడ్ వద్దు. పడవ అంచుకి మోచేతులు ఆన్చకండి. కింద కూర్చుని మోకాళ్ల మీద ఆన్చండి. షట్టర్ ఎప్పుడూ 1/1600 కి తగ్గకూడదు.

తొమ్మిది దాటాక నీటి మీద, బురద మీద వేడి గాలి అలల్లా లేస్తుంది. దూరపు పిట్టలన్నీ నీళ్లలో చూసినట్టు మెత్తగా వస్తాయి. ఫోకస్ తప్పిందని లెన్స్‌ను తిట్టుకుంటాం, లెన్స్ తప్పు కాదది. ఆ వేళకి దగ్గరి పిట్టలకే పరిమితమవండి, లేదా ఒడ్డుకి వచ్చి టీ తాగండి.

చిలికా మధ్యలోని నలబన దీవి లోపలికి తీసుకెళ్లమని పడవ మనిషిని ఒత్తిడి చేయొద్దు. అది అభయారణ్యం, కేసయితే చిక్కుల్లో పడేది అతనే.

తెల్ల పిట్ట, నల్ల పిట్ట

కెమెరా తన ముందున్నదాన్నంతా సగటు బూడిద రంగుగా లెక్కేస్తుంది. ముదురు నీటి మధ్య తెల్ల కొంగ నిలబడితే, నీటిని చూసి వెలుతురు పెంచేస్తుంది. కొంగ ఈకలు కలిసిపోయి తెల్ల కాగితం ముక్కలా వస్తుంది. అలా పోయిన తెలుపు తర్వాత తిరిగి రాదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని −0.7 నుంచి −1 కి దించండి.

ఆకాశం ముందు నీటికాకి ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది, పిట్ట నల్ల బొమ్మలా వస్తుంది. అప్పుడు +1 నుంచి +1.7.

ఎండలో కెమెరా తెర చూసి నమ్మకండి. వెలుతురు మించిన చోట మినుకుమనే హెచ్చరిక మెనూలో ఉంటుంది, ఆన్ చేసుకోండి. కొంగ వీపు మినుకుమంటే ఇంకో మెట్టు దించాలి.

8. పిట్టలు లేని గంటల్లో

శరత్కాలంలో ఇక్కడ రెల్లు పూస్తుంది. ఒడియాలో కాశతండి అంటారు, అది విరిసిందంటే దుర్గాపూజ వచ్చినట్టే. దీనికి మాత్రం ఇందాకటి సూత్రం తలకిందులు. సూర్యుణ్ణి పువ్వు వెనక ఉంచి తీయండి, కంకి అంచులు వెలుగుతాయి. వెనక చెట్ల నీడ ఉంటే ఇంకా బాగుంటుంది.

పొద్దున్నే మంచు పట్టిన సాలెగూళ్లు, రెక్కలు ఆరబెట్టుకునే తూనీగలు, పొట్ట విచ్చుకుంటున్న వరి. తూనీగ లేచినా తరచుగా అదే పుల్ల మీదికి తిరిగొస్తుంది, కాబట్టి పుల్లకి ఫోకస్ పెట్టుకుని కాచుకోండి. సెన్సార్ తలానికి దాని శరీరం సమాంతరంగా ఉండేలా పక్క నుంచి తీస్తే తల నుంచి తోకదాకా పదునుగా వస్తుంది.

9. ఎక్కువగా అడిగే ఫిర్యాదులు, మందులు

ఫొటోలన్నీ పిట్టల వీపులే. మీరు వెంబడిస్తున్నారు. 6వ అంకె మళ్లీ చదవండి.

ఎగిరే పక్షి రెక్క తెగిపోతోంది. జూమ్ తగ్గించండి. చుట్టూ ఖాళీ ఉంచి తీసి, ఇంటికొచ్చాక కత్తిరించండి. పక్షిని చాలా ముందు నుంచే వ్యూఫైండర్‌లో పట్టి, నడుము తిప్పుతూ వెంబడించి, దగ్గరయ్యాక నొక్కండి. నొక్కాక కూడా తిప్పుతూనే ఉండండి.

గడ్డిపోచ పదునుగా, పిట్ట మసకగా. ఫోకస్ ప్రాంతం పెద్దదిగా ఉంది. ఒక్క బిందువుకి మార్చి కంటి మీద పెట్టండి.

పేరు తెలియట్లేదు. శరత్కాలంలో చాలా ఉల్లంకులు రంగు వెలిసి బూడిదగా ఉంటాయి, పాతవాళ్లే తడబడతారు. అందమైన ఫొటోతో పాటు పక్క నుంచి ముక్కు, కాళ్లు పూర్తిగా కనిపించేది ఒకటి, రెక్క విప్పినప్పుడు ఒకటి తీయండి. పిట్టల పేర్లు చెప్పే మెర్లిన్ ఆప్‌లో వేస్తే చాలావరకు దారి దొరుకుతుంది, కానీ అది చెప్పిందే వేదం కాదు.

10. చేయకూడనివి

గూటి దగ్గరికి వెళ్లి కొమ్మలు పక్కకి నెట్టి తీయొద్దు. ఆ కొమ్మలే పిల్లలకు నీడ, కాకి నుంచి చాటు.

ఫోన్‌లో పిట్ట కూత వినిపించి పిలవొద్దు. రాయి విసిరి లేపొద్దు. పడవలో పక్కవాళ్లు లేపమంటే కూడా వద్దని చెప్పండి, కాస్త మొహమాటమైనా సరే.

దసరాకి పాలపిట్టను పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లు కనిపిస్తే ఆ ఫొటో తీయొద్దు, డబ్బులివ్వొద్దు. అలా పట్టి ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

గోపాల్‌పూర్ దగ్గర సైనిక ప్రాంతం ఉంది, చిలికా ఒడ్డున నౌకాదళ కేంద్రం ఉంది. కంచె, బోర్డు కనిపించిన వైపు పెద్ద లెన్స్ ఎత్తకండి, గద్ద ఎంత బాగా కూర్చున్నా. డ్రోన్ అసలు తీసుకురాకండి.

11. ఇంటికి వచ్చాక, అదే రోజు

ఉప్పు గాలిలో తిరిగిన కెమెరాను అలాగే సంచిలో పెట్టి పడుకుంటే వారానికి బటన్లు బిగుస్తాయి, వానాకాలానికి లెన్స్‌లో బూజు వస్తుంది. మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా ఒళ్లంతా, హుడ్, పట్టీ తుడవండి. తర్వాత పొడి గుడ్డ. లెన్స్ అద్దం మీద ముందు గాలి బ్లోయర్, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. ఇసుక రేణువు ఉండగా రుద్దితే గీత పడుతుంది.

గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. డబ్బాలో తేమ మీటరు పెడితే 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

ఫొటోలను లాప్‌టాప్‌లోకి, ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. వడపోత మాత్రం మర్నాడు. ఆ రాత్రి మనకు ప్రతి కొంగా ముద్దొస్తుంది. మర్నాడు మొదటి విడతలో కన్ను పదునుగా లేనివన్నీ తీసేయండి. రెండో విడతలో ఒకే భంగిమవి ఒక్కటి ఉంచండి. నాలుగొందల్లో పదిహేను మిగిలితే ఆ రోజు బాగా గడిచినట్టే. వాటికి తేదీ, చోటు, వేళ, సూర్యుడు ఎటున్నాడో ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది అదే వారంలో ఏ గట్టు మీద కూర్చోవాలో ఆ పుస్తకమే చెబుతుంది.

చివరిగా బ్యాటరీ చార్జర్‌లో, కార్డు కెమెరాలో.